మూసుకోని నాళం: నెలలు నిండని బిడ్డకు మందు ఎప్పుడు అవసరం?

జ్వరం వస్తే ఇంటిల్లిపాదీ వేసుకునే పారాసిటమాల్, ఒళ్లునొప్పులకు మందుల షాపులో అడిగి తెచ్చుకునే ఐబుప్రోఫెన్ నవజాత శిశువుల ఐసీయూలో పూర్తిగా వేరే పనికి ఉపయోగపడతాయి. ఏడెనిమిది వందల గ్రాముల బరువుతో పుట్టిన బిడ్డకు గుండె పక్కన తెరుచుకునే ఉండిపోయిన ఒక చిన్న రక్తనాళాన్ని మూయించడానికి వైద్యులు వీటిని ఇస్తారు. ఆ నాళం పేరు డక్టస్ ఆర్టీరియోసస్. పుట్టిన తర్వాత కూడా అది తెరుచుకునే ఉంటే ఆ స్థితిని పేటెంట్ డక్టస్ ఆర్టీరియోసస్, క్లుప్తంగా పీడీఏ అంటారు. ఈ కోవకు చెందిన మందులు సుమారు యాభై ఏళ్లుగా వాడుకలో ఉన్నాయి, నాళం మూసుకోవడానికి అవి తోడ్పడతాయన్న విషయంలో ఎవరికీ సందేహం లేదు. చర్చంతా మరోచోట ఉంది: నాళం త్వరగా మూసుకున్నందువల్ల బిడ్డకు మేలు జరుగుతున్నదా? ఇటీవలి పెద్ద పరీక్షలు (క్లినికల్ ట్రయల్స్) ఈ ప్రశ్నకు ఇచ్చిన జవాబు చాలామంది వైద్యులు ఊహించినది కాదు.

సంగతి అర్థం కావాలంటే గర్భంలోని రక్తప్రసరణతో మొదలుపెట్టాలి. తల్లి కడుపులో ఉన్నంతకాలం బిడ్డకు ప్రాణవాయువు మాయ నుంచి బొడ్డుతాడు ద్వారా అందుతుంది. ఊపిరితిత్తులు ద్రవంతో నిండి ఉంటాయి, వాటిలోని రక్తనాళాలు బిగుసుకుని ఉంటాయి, అందుకని గుండె కుడి జఠరిక పంపిన రక్తంలో అధికభాగం ఊపిరితిత్తుల్లోకి పోకుండా పుపుస ధమని నుంచి డక్టస్ గుండా నేరుగా బృహద్ధమనిలోకి చేరి శరీరం కింది భాగానికీ, తిరిగి మాయకూ వెళుతుంది. అంటే గర్భంలో ఈ దారి తెరుచుకుని ఉండటం లోపం కాదు, బిడ్డ బతకడానికి అవసరమైన ఏర్పాటు. దాన్ని తెరిచి ఉంచేవి ప్రధానంగా రెండు: రక్తంలో ఆక్సిజన్ తక్కువగా ఉండటం, ప్రోస్టాగ్లాండిన్ ఇ2 అనే రసాయనం ఎక్కువగా ఉండటం. ఈ రసాయనంలో పెద్ద భాగం మాయలోనే తయారవుతుంది. గర్భిణులు నెలలు నిండే దశలో ఐబుప్రోఫెన్ వంటి నొప్పి మాత్రలు వేసుకోకూడదని వైద్యులు గట్టిగా చెప్పడానికి ఒక కారణం ఇదే. తల్లి వేసుకున్న మందు మాయ దాటి, కడుపులోని బిడ్డకు తెరుచుకుని ఉండాల్సిన నాళాన్ని ముందే కుంచించుకుపోయేలా చేయగలదు.

బిడ్డ పుట్టి మొదటి శ్వాసలు తీసుకోగానే ఈ రెండు పరిస్థితులూ తారుమారవుతాయి. రక్తంలో ఆక్సిజన్ పెరుగుతుంది. మాయ వేరుపడటంతో ప్రోస్టాగ్లాండిన్ సరఫరా ఆగుతుంది, మిగిలినదాన్ని కొత్తగా పనిలోకి దిగిన ఊపిరితిత్తులు విచ్ఛిన్నం చేస్తాయి. నాళం గోడలోని కండరం బిగుసుకుంటుంది. నెలలు నిండిన బిడ్డల్లో రెండు మూడు రోజుల్లో నాళం మూసుకుపోతుంది. ఆ తర్వాత రెండు మూడు వారాలకు అది కేవలం ఒక తంతువుగా మిగులుతుంది. ఈ రెండో దశ గురించి మామూలుగా తక్కువగా మాట్లాడతారు గాని, కిటుకంతా అక్కడే ఉంది. కండరం గట్టిగా బిగుసుకున్నప్పుడు నాళం గోడ లోపలి పొరలకు ఆక్సిజన్ అందదు, అక్కడి కణాలు చనిపోతాయి, గోడ రూపమే మారిపోతుంది. ఇక అది తెరుచుకోదు.

ఇరవై ఆరు, ఇరవై ఏడు వారాలకే పుట్టిన బిడ్డలో ఈ రెండు దశలూ తడబడతాయి. కండరం ఇంకా సరిగా ఎదగలేదు, ఆక్సిజన్‌కు అది అంతంతమాత్రంగా స్పందిస్తుంది, కొద్దిపాటి ప్రోస్టాగ్లాండిన్‌కే సడలిపోతుంది. ఒకవేళ బిగుసుకున్నా గోడ మరీ పలచన కాబట్టి లోపలి పొరలకు కూడా ఆక్సిజన్ అందుతూనే ఉంటుంది, శాశ్వతంగా మూసుకుపోయే మార్పు జరగదు. ఈ కారణంగానే మందుతో మూసుకున్న నాళం నాలుగు రోజుల తర్వాత మళ్లీ తెరుచుకున్నదని వైద్యులు చెప్పే సందర్భాలు వస్తాయి. తల్లిదండ్రులు దీన్ని మందు విఫలమైందనో, ఎవరో పొరపాటు చేశారనో అనుకోనక్కరలేదు. లోపం నాళం వయసులో ఉంది.

నాళం తెరుచుకునే ఉంటే జరిగేదేమిటి? పుట్టిన తర్వాత ఊపిరితిత్తుల్లో రక్తపీడనం తగ్గుతుంది, బృహద్ధమనిలో పెరుగుతుంది, కాబట్టి డక్టస్‌లో ప్రవాహం దిశ మారుతుంది. శరీరానికి వెళ్లాల్సిన రక్తంలో కొంత భాగం తిరిగి ఊపిరితిత్తుల్లోకి మళ్లుతుంది. ఎనిమిది వందల గ్రాముల బిడ్డ ఒంట్లో ఉండే మొత్తం రక్తం సుమారు 70 మిల్లీలీటర్లు, అంటే టీ గ్లాసుకు కాస్త అటూ ఇటూ. అందులో ఒక వాటా పదే పదే ఊపిరితిత్తుల చుట్టూనే తిరిగి వస్తుంటే అక్కడ నీరు చేరుతుంది, వెంటిలేటర్ మీద ఆధారపడటం పెరుగుతుంది, ఒక్కోసారి ఊపిరితిత్తుల్లో రక్తస్రావం కూడా జరుగుతుంది. మరోవైపు పేగులకు, మూత్రపిండాలకు అందాల్సిన రక్తం తగ్గుతుంది. ఎకో పరీక్షలో, అంటే గుండె అల్ట్రాసౌండ్‌లో, దీన్ని కళ్లారా చూడవచ్చు: గుండె రెండు స్పందనల నడుమ బృహద్ధమనిలో ముందుకు సాగాల్సిన రక్తం వెనక్కి మళ్లుతూ కనిపిస్తుంది. చేత్తో చూస్తే నాడి అదిరిపడుతున్నట్టు కొట్టుకుంటుంది, పై బీపీకి కింది బీపీకి మధ్య అంతరం పెరుగుతుంది. స్టెతస్కోప్‌లో మర్మర్ అనే అదనపు గుండె శబ్దం వినిపించవచ్చు, పెద్ద నాళం ఉండి కూడా ఏమీ వినిపించకపోనూవచ్చు. అందుకే నిర్ణయానికి ఎకో తప్పనిసరి.

శస్త్రచికిత్సతో ఈ నాళాన్ని కట్టివేయడం 1938లోనే సాధ్యమైంది. బోస్టన్‌లో రాబర్ట్ గ్రాస్ అనే యువ సర్జన్ ఏడేళ్ల బాలికకు ఆ ఆపరేషన్ చేశారు. నెలలు నిండని బిడ్డకు మందుతో దాన్ని మూయవచ్చన్న ఆలోచన మాత్రం పూర్తిగా వేరే దారిలో వచ్చింది. ఆస్పిరిన్ వంటి మందులు శరీరంలో ప్రోస్టాగ్లాండిన్ తయారీని అడ్డుకుంటాయని బ్రిటిష్ శాస్త్రవేత్త జాన్ వేన్ 1971లో చూపించారు. ఆ కృషికి 1982లో నోబెల్ బహుమతి పంచుకున్నారు. ఇదే కాలంలో టొరంటోలో కోచియాని, ఓలీ అనే పరిశోధకులు ప్రోస్టాగ్లాండిన్లు డక్టస్‌ను సడలిస్తాయని కనుగొన్నారు. ఈ రెండింటినీ కలిపి చూస్తే తర్వాతి అడుగు స్పష్టం: ప్రోస్టాగ్లాండిన్ తెరిచి ఉంచుతుంటే, దాని తయారీని ఆపితే నాళం మూసుకోవాలి. 1976లో అమెరికాలో రెండు వేర్వేరు బృందాలవారు, శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి హేమన్, రుడాల్ఫ్, సిల్వర్‌మన్, మరోవైపు ఫ్రీడ్‌మన్ బృందం, ఇండోమెథాసిన్‌తో ఇది నిజంగానే జరుగుతుందని ఒకే వైద్య పత్రికలో ప్రకటించారు.

ఇదే జ్ఞానానికి రెండో అంచు కూడా ఉంది. కొన్ని పుట్టుకతో వచ్చే గుండె లోపాల్లో ఊపిరితిత్తులకో శరీరానికో రక్తం చేరడానికి డక్టస్ ఒక్కటే దారి. అటువంటి బిడ్డల్లో నాళం మూసుకుపోతే ప్రాణాపాయం. వారికి ప్రోస్టాగ్లాండిన్ ఇ1 మందును నరం ద్వారా చుక్కలుగా ఎక్కించి నాళాన్ని తెరిచే ఉంచుతారు. అందువల్ల మూసే మందు మొదలుపెట్టే ముందు ఎకోలో చూడవలసిన మొదటి విషయం నాళం ఎంత వెడల్పన్నది కాదు, ఈ బిడ్డ బతుకు ఆ నాళం మీద ఆధారపడి లేదు కదా అన్నది.

మూయడానికి వాడే మందులు మూడు. ఇండోమెథాసిన్ వీటిలో పాతది. శక్తిమంతమైనదే గాని మెదడుకు, పేగులకు, మూత్రపిండాలకు వెళ్లే రక్తనాళాలను కూడా బిగిస్తుంది, మూత్రం తగ్గిపోవడం సాధారణం. దీనికి ప్రత్యామ్నాయంగా వచ్చిన ఐబుప్రోఫెన్ నాళాన్ని దాదాపు అంతే సమర్థంగా మూస్తుంది, మూత్రపిండాల మీద భారం తక్కువ. 2000లో బెల్జియం పరిశోధకుల ఆధ్వర్యంలో 148 మంది శిశువుల మీద జరిగిన పరీక్షలో నాళం మూసుకున్నవారు ఇండోమెథాసిన్‌తో 66 శాతం, ఐబుప్రోఫెన్‌తో 70 శాతం. మామూలుగా ఐబుప్రోఫెన్ ఇచ్చే పద్ధతి మొదటి రోజు కిలో బరువుకు 10 మిల్లీగ్రాములు, తర్వాతి రెండు రోజులు 5 చొప్పున. మన ఎనిమిది వందల గ్రాముల బిడ్డ విషయంలో ఈ లెక్క 8, 4, 4 మిల్లీగ్రాములు అవుతుంది. మొదటి మోతాదు పెద్దవారు వేసుకునే 400 మిల్లీగ్రాముల మాత్రలో యాభయ్యో వంతు. సిరంజిలోకి తీసేటప్పుడు దశాంశ బిందువు ఒక స్థానం జరిగితే మోతాదు పది రెట్లవుతుంది కాబట్టి, ఇటువంటి లెక్కలను ఇద్దరు విడివిడిగా సరిచూడాలన్న నియమం ఉత్తుత్తి తతంగం కాదు.

పారాసిటమాల్ ఈ జాబితాలోకి అనుకోకుండా చేరింది. జెరూసలేంలో హ్యామర్‌మన్ బృందం వేరే కారణానికి పారాసిటమాల్ ఇచ్చిన ఒక బిడ్డలో నాళం మూసుకుపోవడం గమనించి, మరికొందరికి ఇచ్చి చూసి, 2011లో మొత్తం ఐదుగురు శిశువుల అనుభవాన్ని ప్రచురించింది. ప్రోస్టాగ్లాండిన్‌ను తయారుచేసే ఎంజైమ్‌లో రెండు క్రియాశీల స్థానాలు ఉంటాయి. ఇండోమెథాసిన్, ఐబుప్రోఫెన్ ఒకదాన్ని అడ్డుకుంటే పారాసిటమాల్ రెండోదాన్ని అడ్డుకుంటుందని భావిస్తారు. దీని ప్రయోజనం ఏమిటంటే రక్తనాళాలను అంతగా బిగించదు, ప్లేట్‌లెట్ల పనికి పెద్దగా అడ్డుపడదు. కాబట్టి రక్తస్రావం ఉన్నప్పుడు, ప్లేట్‌లెట్లు బాగా తగ్గినప్పుడు, మూత్రపిండాల పనితీరు తగ్గిందని చెప్పే క్రియాటినిన్ పెరిగినప్పుడు, అంటే మొదటి రెండు మందులూ ఇవ్వరాని పరిస్థితుల్లో, ఇది అక్కరకొస్తుంది. కిలోకు 15 మిల్లీగ్రాముల చొప్పున ఆరు గంటలకోసారి మూడు నుంచి ఏడు రోజులు ఇవ్వడం ఎక్కువగా కనిపించే పద్ధతి. కాలేయ పరీక్షలు చూసుకుంటూ ఉండాలి. మరీ తక్కువ వారాలకు పుట్టిన బిడ్డల్లో దీని సామర్థ్యం గురించి ఉన్న ఆధారాలు ఐబుప్రోఫెన్‌కు ఉన్నంత బలమైనవి కావు.

పేగుల విషయంలో ఒక జాగ్రత్త విడిగా చెప్పాలి. పుట్టిన తొలి రోజుల్లో ఇండోమెథాసిన్‌నూ స్టెరాయిడ్ మందునూ కలిపి వాడినప్పుడు పేగుకు రంధ్రం పడే ప్రమాదం పెరుగుతుందని 2004లో ప్రచురితమైన ఒక పరీక్షలో బయటపడింది, ఆ కారణంగా పరీక్షనే మధ్యలో నిలిపివేశారు. ఇక ఐబుప్రోఫెన్‌కు కామెర్లతో ఒక పేచీ ఉంది: కామెర్లు కలిగించే బిలిరుబిన్‌ను రక్తంలో పట్టి ఉంచే ఆల్బుమిన్ అనే ప్రోటీన్ నుంచి దాన్ని ఇది తొలగించగలదు, కాబట్టి కామెర్లు తీవ్రంగా ఉన్న బిడ్డకు ఇచ్చే ముందు ఆలోచించాలి.

ఇప్పుడు అసలు చిక్కుముడి. తెరుచుకున్న నాళం ఉన్న బిడ్డల్లో ఊపిరితిత్తుల దీర్ఘకాలిక వ్యాధి, పేగుల కుళ్లు, మెదడులో రక్తస్రావం, మరణం అన్నీ ఎక్కువగా కనిపిస్తాయి. ఈ లెక్క చూసి దశాబ్దాల పాటు వైద్యలోకం సహజంగానే నాళమే కారణమనుకుంది, దాన్ని ఎంత త్వరగా మూస్తే అంత మంచిదనుకుంది. కాని 24 వారాలకు పుట్టిన బిడ్డకు నాళం తెరుచుకుని ఉండే అవకాశం ఎక్కువ, ఊపిరితిత్తులు చెడే అవకాశమూ ఎక్కువ. రెండింటికీ మూలం ముందుగా పుట్టడమే కావచ్చు. దీన్ని తేల్చాలంటే బిడ్డలను చీటీ తీసినట్టు రెండు వర్గాలుగా విడదీసి, ఒకరికి మందు, మరొకరికి మందులేని ద్రవం ఇచ్చి చూడటం ఒక్కటే మార్గం.

2001లో వచ్చిన టిప్ పరీక్ష ఈ దిశగా తొలి పెద్ద దెబ్బ. 500 నుంచి 999 గ్రాముల బరువున్న 1,202 మంది శిశువులకు పుట్టగానే ముందుజాగ్రత్తగా ఇండోమెథాసిన్‌నో, మందులేని ద్రవాన్నో (ప్లాసిబో) ఇచ్చారు. పీడీఏ 50 శాతం నుంచి 24 శాతానికి పడిపోయింది. మెదడులో తీవ్ర రక్తస్రావం 13 నుంచి 9 శాతానికి తగ్గింది. ఇంత జరిగాక పద్దెనిమిది నెలల వయసులో చూస్తే మరణించినవారు, ఎదుగుదలలో లోపం ఉన్నవారు కలిపి మందు వర్గంలో 47 శాతం, ప్లాసిబో వర్గంలో 46 శాతం. నాళం మూసుకుంది, స్కాన్ మెరుగైంది, బిడ్డ భవిష్యత్తు మాత్రం అక్కడే ఉంది. మెదడు రక్తస్రావం తగ్గుతుందన్న కారణానికి కొన్ని ఆసుపత్రులు నేటికీ ఈ ముందుజాగ్రత్త పద్ధతిని పాటిస్తాయి, ఆ వాదనను పూర్తిగా కొట్టిపారేయలేం.

2018లో 68 పరీక్షలను, 4,802 మంది శిశువులను కలిపి చేసిన విశ్లేషణలో నాళాన్ని మూయడంలో మందులు మెరుగైనవేనని తేలింది. అదే విశ్లేషణలో, మందు ఇవ్వకపోయినా మరణాలు గాని, పేగుల కుళ్లు గాని, మెదడు రక్తస్రావం గాని చెప్పుకోదగ్గ స్థాయిలో పెరగలేదని కూడా తేలింది. అయినా పాత పరీక్షల మీద ఒక అభ్యంతరం మిగిలే ఉంది: ప్లాసిబో వర్గంలోని బిడ్డల్లో చాలామందికి తర్వాత వైద్యులు ఉండబట్టలేక మందు ఇచ్చేశారు, అటువంటప్పుడు రెండు వర్గాల మధ్య తేడా ఎలా కనిపిస్తుంది? నెదర్లాండ్స్, బెల్జియం, డెన్మార్క్‌లలో జరిగి 2023లో ఫలితాలు వెలువడిన బెనెడక్టస్ పరీక్ష ఈ లోపాన్ని చాలావరకు సరిదిద్దింది. 28 వారాల లోపు పుట్టి, ఒకటిన్నర మిల్లీమీటర్ల కంటే వెడల్పైన నాళం ఉన్న 273 మంది శిశువులలో ఒక వర్గానికి తొలి మూడు రోజుల్లోనే ఐబుప్రోఫెన్ ఇచ్చారు, రెండో వర్గాన్ని కనిపెట్టి చూస్తూ ఊరుకున్నారు. పేగుల కుళ్లు, ఊపిరితిత్తుల వ్యాధి, మరణం మూడింటిలో ఏదో ఒకటి ఎదురైనవారు మందు వర్గంలో 63.5 శాతం, వేచి చూసిన వర్గంలో 46.3 శాతం. శిశువులు అనుకున్నంతగా దొరక్క పరీక్షను ముందే ముగించవలసి వచ్చిన మాట నిజమే, అయినా ఫలితం మొగ్గు ఎటో దాచలేం.

బ్రిటన్‌లో 653 మంది శిశువులతో జరిగిన బేబీ ఆస్కార్ పరీక్ష ఫలితం 2024లో వచ్చింది. అక్కడా పెద్ద నాళం ఉన్నవారినే తీసుకున్నారు. మరణం లేదా ఒక మోస్తరు నుంచి తీవ్రస్థాయి ఊపిరితిత్తుల వ్యాధి ఐబుప్రోఫెన్‌తో 69.2 శాతం మందిలో, ప్లాసిబోతో 63.5 శాతం మందిలో కనిపించాయి. ఈ తేడా యాదృచ్ఛికం కావచ్చునని గణాంకాలు చెబుతున్నాయి, కాబట్టి మందు హాని చేసిందని దీనితో తీర్మానించకూడదు. మేలు చేసిందని చెప్పడానికైతే అసలే ఆధారం లేదు.

నాళం ప్రవాహాన్ని కళ్లారా చూసిన వైద్యుడికి ఈ అంకెలు మింగుడుపడవు, అది సహజం. నా ఉద్దేశంలో ఇక్కడ రెండు విషయాలు కలిసి పని చేస్తున్నాయి. మొదటిది, చాలా నాళాలు వాటంతట అవే మూసుకుంటాయి. ఒకటిన్నర కిలోలోపు బిడ్డలను మందు లేకుండా గమనించిన 2017 నాటి ఒక ఐరోపా అధ్యయనంలో 85 శాతం మందికి ఇంటికి పంపేలోగా నాళం మూసుకుంది. అయితే మధ్యస్థ వ్యవధి 30 వారాలకో ఆపైనో పుట్టినవారిలో ఆరు రోజులు కాగా, 26 వారాల లోపు పుట్టినవారిలో 71 రోజులు. మొదటి మూడు రోజుల్లో అందరికీ మందు ఇస్తే ఎటూ మూసుకోబోయే నాళాలకు కూడా ఇచ్చినట్టే, ఆ బిడ్డలకు మిగిలేది దుష్ప్రభావాలే. రెండోది, ఆ 71 రోజుల అంకె ఊరికే పక్కన పెట్టదగ్గది కాదు. 23, 24 వారాలకు పుట్టి, రెండు నెలలకు పైగా పెద్ద నాళంతో వెంటిలేటర్ మీద ఉండే బిడ్డలకు ఈ పరీక్షల సగటు ఫలితాన్ని కళ్లు మూసుకుని వర్తింపజేయలేం. వారు ఈ పరీక్షల్లో తక్కువ సంఖ్యలోనే ఉన్నారు. అందరికీ ముందే మందు అవసరం లేదని తేలింది, ఎవరికీ ఎప్పుడూ అవసరం లేదని తేలలేదు.

ఈ తేడా పట్టుకుంటే నేటి ఆచరణ అర్థమవుతుంది. అమెరికా శిశువైద్యుల అకాడమీ 2016లోనే తొలి రోజుల్లో అందరికీ మందు ఇచ్చే అలవాటును సమర్థించలేమని చెప్పింది. ఇప్పుడు చాలాచోట్ల ముందుగా మందు జోలికి పోకుండా వెంటిలేటర్‌లో ఊపిరి విడిచే దశ పీడనాన్ని తగినంత ఉంచుతారు, ద్రవాలు అవసరానికి మించి ఎక్కించరు. తొలి రోజుల్లో ద్రవం ఎక్కువైతే పీడీఏ పెరుగుతుందని 1980లోనే ఒక పరీక్ష చూపింది. అలాగని బిడ్డకు పోషణ అందనంతగా ద్రవం కోయడమూ మంచిది కాదు. ఒకట్రెండు వారాలు గడిచినా వెంటిలేటర్ అవసరం తగ్గక, ఎకోలో ఎడమ కర్ణిక ఉబ్బి, బృహద్ధమనిలో ప్రవాహం వెనక్కి మళ్లుతుంటే అప్పుడు మందు గురించి ఆలోచిస్తారు. ఇందులో ఇబ్బంది ఒకటుంది: బిడ్డ వయసు పెరిగేకొద్దీ నాళం ప్రోస్టాగ్లాండిన్ మీద ఆధారపడటం తగ్గుతుంది, మందు ప్రభావమూ తగ్గుతుంది. మరీ ముందు ఇస్తే అనవసరం, మరీ ఆలస్యమైతే పనిచేయదు. ఈ రెండింటి నడుమ సరైన సమయం ఎప్పుడో కచ్చితంగా చెప్పే కొలబద్ద ఇంకా లేదు.

మన దగ్గర ఈ చర్చకు అదనపు కోణం ఉంది. 2020లో భారతదేశంలో సుమారు 30 లక్షల మంది నెలలు నిండకుండా పుట్టారని ప్రపంచ ఆరోగ్య సంస్థ, యూనిసెఫ్ నివేదిక అంచనా. ఏ దేశంలోనూ ఇంతమంది లేరు. జిల్లా ఆసుపత్రుల్లోని నవజాత శిశు కేంద్రాల్లో నవజాతుల ఎకో చేయగల నిపుణులు రోజూ అందుబాటులో ఉండరు, పారాసిటమాల్ చుక్కలు మాత్రం ప్రతిచోటా ఉంటాయి, నోటిలోంచి వేసిన గొట్టం ద్వారా ఇవ్వవచ్చు, ధరా తక్కువే. మర్మర్ వినిపించింది కదా, ప్రమాదం తక్కువ మందే కదా అని ఎకో లేకుండా మొదలుపెట్టాలనిపించడం ఇక్కడే. నాళం మీదే ఆధారపడిన గుండె లోపం ఉన్న బిడ్డ విషయంలో ఆ తొందర ఎంత ప్రమాదమో పైన చూశాం. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో పెద్ద ఆసుపత్రికి బిడ్డను తెచ్చుకున్న తల్లిదండ్రులు నాళం ఇంకా మూసుకోలేదు, మందు ఇవ్వడం లేదు అని విని పట్టించుకోవడం లేదేమోనని కలత చెందుతారు. అటువంటప్పుడు అడగవలసిన ప్రశ్నలు వేరు: నాళం వల్ల బిడ్డ శ్వాసకు ఇబ్బంది కలుగుతున్నదా, మళ్లీ ఎకో ఎప్పుడు, ఏ మార్పు కనిపిస్తే మందు మొదలుపెడతారు?

రెండుసార్లు మందు ఇచ్చినా మూసుకోక, బిడ్డ ఇబ్బంది పడుతూనే ఉంటే గతంలో పక్కటెముకల మధ్య కోసి నాళాన్ని కట్టేవారు. ఇప్పుడు తొడ దగ్గరి సిర గుండా సన్నని గొట్టం పంపి, నాళంలో తీగ అల్లికతో చేసిన చిన్న బిరడా అమర్చే పద్ధతి ఉంది. 700 గ్రాములు, ఆపై బరువున్న బిడ్డలకు పిక్కొలో అనే అటువంటి పరికరాన్ని అమెరికా ఎఫ్‌డీఏ 2019 జనవరిలో ఆమోదించింది. ఇబ్బందేమీ లేకుండా చిన్న నాళంతోనే ఇంటికి వెళ్లే బిడ్డలు కూడా ఉంటారు. వారిలో చాలామందికి తర్వాతి నెలల్లో అది మూసుకుపోతుంది. డిశ్చార్జి కాగితంలో రాసిన తేదీకి ఎకో చేయించి ఆ సంగతి నిర్ధారించుకోవాలి. అప్పటికీ తెరుచుకునే ఉంటే బిడ్డ బరువు పెరిగాక ఇదే బిరడా పద్ధతిలో మూస్తారు.